స్వంత మగ్గము గల నేతగాండ్రు ఒకరికొకరు తోడగుట ఎట్లు?

(సహకార విద్యా పాఠము – ఇంటిల్లపాది చదువదగినది)



కోయంబత్తూరులో విజయదశమి నాడు మన దేవాంగులు చౌడేశ్వరి అమ్మవారిని పిలుచుటకు కత్తి పట్టుదురు. ఆ దినము ఎవరికిని జాబు వ్రాయనక్కరలేదు. వీధి వీధినుండి తాతలు, తండ్రులు, మీసము రాని పిల్లలు వచ్చి వరుసలో నిలుతురు. ఒకరి రొమ్ము మీద కత్తి తగిలిన చోట ఇంకొకరు పసుపు పొడి చల్లుదురు. ఆ దినము మనలో ఎవరును ఒంటరివారు కారు. పండుగ ముగిసి, నూలు కొనుటకు సంచి పట్టుకొని బయలుదేరిన నాడు మాత్రము ప్రతివాడును ఒంటరివాడే. నూలు అంగడి ముందర పక్క వీధివాడు కనబడినను, తాను ఎంతకు కొన్నాడో చెప్పడు. మనమును అడుగము. ఎవరికి వారే యమునా తీరే.

ఈ పాఠము పండుగను గురించి కాదు. నూలు కొను నాటిని గురించి. స్వంత మగ్గము మీద, స్వంత ఇంటిలో, ఎవరి చేతి క్రింద లేక నేయువారు ఒకరికొకరు తోడగుటకు ఏమి చేయవలెనో ఇందు చెప్పబూనినాము. మన ఇండ్లలో మాట తెలుగే గాని, బడిలో తమిళము చదివిన పిల్లలలో చాలమందికి మన అక్షరములు రావు. కాబట్టి పెద్దలు దీనిని బిగ్గరగా చదివి వినిపింప కోరుచున్నాము. కండెలు చుట్టు చేతులకు పని ఉన్నను చెవులకు తీరికే గదా.

1. స్వంతము అనగా ఎంత స్వంతము?

1941లో భారత ప్రభుత్వము నియమించిన నిజనిర్ధారణ సంఘము చేనేతను, మిల్లులను గూర్చి విచారించి 1942లో నివేదిక నిచ్చినది. అందు నేతగాండ్రను తరగతులుగా విడదీసి చూచినారు. స్వంతముగా నేసి స్వంతముగా అమ్ముకొనువారు, షావుకారు ఇచ్చిన నూలు నేసి మజూరి తీసికొనువారు, కార్ఖానాలో కూలికి కూర్చుండువారు, సహకార సంఘములకు నేయువారు. ఇన్ని ఏండ్లు గడిచినను ఈ తరగతులు ఇప్పటికిని మన వీధులలో ఉన్నవి. స్వంత నేతగాడు వారిలో తాను మేలని తలచును. "నాకు యజమాని లేడు" అనును.

ఆ మాట ఎంతవరకు నిజమో మగ్గము దగ్గరనే కూర్చుండి చూతము. గుంట మనది, మగ్గము మనది, నాడె మనది, తెల్లవారుజామున లేచుట మనది. నూలో? అంగడిలో అప్పు. ఆ అప్పు ఉన్నంతకాలము నూలు మంచిదైనను కాకున్నను ఆ అంగడిలోనే తీయవలెను. రంగు? అద్దకమువాడు ఇచ్చిన నాటికి ఇచ్చినట్లు. డిజైను? కొనువాడు ఫోనులో పంపిన బొమ్మ. ధర? పండుగ ముందు ఒకటి, ఆడి మాసము పోయిన తరువాత ఒకటి. చెప్పునది వర్తకుడు, తల ఊపునది మనము. ఇక స్వంతమైనది మగ్గము, దాని మీద వంగిన వెన్ను మాత్రమే.

కోయంబత్తూరులో 1888లో స్టేన్సు దొర మిల్లు పెట్టిన నాటినుండి నూలు మర చప్పుడు మన చెవులలో ఉన్నది. తరువాత మన తెలుగు నాయుళ్లే ఎన్నో మిల్లులు పెట్టినారు. మిల్లు గోడ ప్రక్కన కాపురముండియు, ఆ మిల్లు నూలు చేతులు మారి మారి అంగడికి వచ్చిన తరువాతనే మనము కొనుచున్నాము. మిల్లు తప్పు కాదిది. ఒక మగ్గమునకు కావలసిన నాలుగు కట్టల కొరకు ఏ మిల్లును పద్దు తెరువదు.

2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో 31 లక్షల 45 వేల కుటుంబములలో 35 లక్షల 22 వేల మంది నేతలోను, దానికి చేరిన పనులలోను ఉన్నారు. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. ఇంతమంది ఉండియు ధర కట్టు చోట మన మాట వినబడకుండుటకు కారణము మనము తక్కువమందిమి అగుట కాదు. ఒక్కొక్కరము ఒక్కొక్క గదిలో ఉండుట.

2. మన పెద్దలు ఒంటరిగా రాలేదు

1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టిన నాటినుండి 1736లో నాయక రాజ్యము అంతమగు వరకు తెలుగువారు తరతరములుగా ఈ సీమకు వచ్చుచునే ఉన్నారు. సైనికులు, రైతులు, వర్తకులు వచ్చినట్లే నేతవారును వచ్చినారు. దేవాంగులలో కొందరి ఇంటిమాట తెలుగు, కొందరిది కన్నడము. మగ్గము మాత్రము ఒకటే. వచ్చినవారు గుంపుగా వచ్చి, ఒక వీధి పట్టి, బావి త్రవ్వి, అమ్మవారిని నిలిపి, పడుగు చాచుటకు వీధి పొడుగున చోటు విడిచి ఇండ్లు కట్టినారు. పడుగు ఒక్క ఇంటిలో సాగునది కాదు. అది వీధిలో సాగినది, దానికి గంజి పట్టించుటకు పక్క యింటి చేతులు కావలసివచ్చినవి. ఈనాడు సిద్ధముగా చుట్టిన పడుగు ఇంటికి వచ్చుచున్నది. పని తగ్గినది, మంచిదే. వీధి కూడ తగ్గినది.

మధురలో మన పొరుగువారైన సౌరాష్ట్రులను చూడుడు. వారు మనవలెనే ఉత్తరమునుండి విజయనగర సీమ మీదుగా వచ్చినవారు. వారి భాషను వ్రాయుటకు ఒకప్పుడు తెలుగు లిపిని కూడ వాడినారు. వారి సుంగుడి చీర ఒక్కరి చేతి పని కాదు. బట్టను మడిచి చుక్కలు గుర్తుపెట్టువారు ఒకరు. ఇంటి అరుగు మీద కూర్చుండి, ఆ చుక్కను వ్రేళ్లతో పట్టి దారముతో ముడి వేయు స్త్రీలు పలువురు. రంగులో ముంచువారు ఒకరు. ముడి విప్పి ఆరవేయువారు ఒకరు. ముడి వేసిన ఆమెకు చీర కొన్న ఆమె తెలియదు. కాని ఈ చేతులలో ఒకటి తప్పినను చీర లేదు.

ఆ పని తగ్గి, అచ్చు వేసిన నకళ్లు సుంగుడి పేరుతో పెరిగిన కాలములో 2005లో మధుర సుంగుడికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచ్చట మనకు ముఖ్యమైన పాఠ మున్నది. 1999లో చేసి 2003లో అమలుకు వచ్చిన ఆ చట్టము ప్రకారము ఈ గుర్తింపు కొరకు ఒంటి మనిషి దరఖాస్తు పెట్టుకొనజాలడు. ఉత్పత్తిదారుల సంఘమో, వారి మేలు కొరకు ఉన్న సంస్థయో అడుగవలెను. సంఘమునకు నమోదైన పిమ్మట, ఒక్కొక్క పనివాడు ఆ పేరు వాడుకొనుటకు తన పేరు నమోదు చేయించుకొనవలెను. తెలంగాణములో పోచంపల్లి ఇక్కత్తుకు గుర్తింపు వచ్చినదియు ఇట్లు అక్కడి సంఘములు ముందుకు వచ్చినందువలననే. మన జిల్లాలో కోవై కోరా చీరకు, నెగమము చీరకు గుర్తింపు ఉన్నది. మన పాఠకులలో ఎందరు తమ పేరు నమోదు చేయించుకొన్నారు? పత్రము గోడకు వ్రేలాడుచున్నది, చీర ఇప్పటికిని పేరు లేకుండ పోవుచున్నది.

3. నేతగాండ్రు మొదలుపెట్టిన పని

సహకార మనగానే ప్రభుత్వ కార్యాలయము, ముద్ర, సంతకము గుర్తుకు వచ్చుట మన కాలపు దోషము. అది పుట్టినది కార్యాలయములో కాదు. ఇంగ్లండులో రాచ్‌డేలు అను ఊరిలో ఉన్ని ఫ్లానెలు నేయు పనివాండ్రు, మరికొందరు చేతిపనివారు కలిసి 28 మంది, తలకొక పౌను కూడబెట్టి 1844 డిసెంబరు 21న ఒక చిన్న అంగడి తెరచినారు. వెన్న, చక్కెర, పిండి, ఓట్ల పిండి, క్రొవ్వొత్తులు – ఆ దినము వారి సరకు ఇంతే. ఊరివారు నవ్వినారు. కాని వారి నియమములు చూడుడు: కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కమునకే అమ్మకము, ఎన్ని వాటాలున్నను మనిషికి ఒకే ఓటు, మిగిలిన లాభము ఎవరెంత కొన్నారో ఆ ప్రకారము పంపకము. ప్రపంచమంతట సహకార సంఘములు ఈనాటికిని ఈ నియమములనుండియే తమ ఉపనిబంధనలు వ్రాసికొనుచున్నవి.

మన దేశములో 1904 చట్టము అప్పు సంఘములకే దారి ఇచ్చినది. కొనుట, అమ్ముట, నేయుట వంటి పనులకు సంఘములు పెట్టు వీలు 1912 చట్టముతో కలిగినది. 1930లో ఆచార్య రంగా గారు దక్షిణదేశపు నేతగాండ్ర బ్రతుకులను పరిశీలించి ఇంగ్లీషులో పుస్తకము ప్రకటించినారు. 1935లో మద్రాసు రాష్ట్రమునకంతటికి నేతగాండ్ర సంఘముల పై సంఘము ఏర్పడినది. అదే నేటి కో-ఆప్టెక్సు. తెలుగునాట నిడుబ్రోలులో జన్మించిన ప్రగడ కోటయ్యగారు (1915–1995) చేనేత సంఘముల కొరకు జీవితమంతయు తిరిగి, చివరి ఏండ్లలో రాజ్యసభలో కూడ మన మాటయే మాట్లాడినారు. 1985లో కొన్ని రకముల బట్టలను చేనేతకే కేటాయించుచు చట్టము వచ్చినది. మొదట 22 రకములు, ఇప్పుడు 11. చట్టము ఉన్నది గదాయని మరమగ్గము ఆగలేదు. మరమగ్గపు చీరను చేనేతయని అమ్మువాని మీద ఫిర్యాదు వ్రాయుటకును ఒక సంఘము కావలెను. ఒంటరిగా ఫిర్యాదు వ్రాసినవాడు మరునాడు ఆ వర్తకునికే చీర అమ్మవలసినవాడు గదా!

ఇంత చరిత్ర ఉండియు మన సంఘములు కొన్ని ఎందుకు మూతపడినవి? కారణములు పలు. రావలసిన సొమ్ము రాకుండుట ఒకటి, ఒకే కొనుగోలుదారుని నమ్ముకొనుట ఒకటి, లెక్కలలో కపటము ఒకటి. మేము చూచినంతలో అన్నిటికంటె లోతైనది వేరు: సభ్యులు పేరుకు సభ్యులగుట. ఏడాదికొకసారి సంతకము, పండుగకు బోనసు, అంతే. సంఘము వారికి మరొక షావుకారు అయినది. షావుకారు చెడినచో మనము దుఃఖింపము. అట్లే సంఘము చెడినను దుఃఖింపలేదు.

4. మాకు జరిగిన నష్టము

పరుల తప్పులు చెప్పి మనవి దాచుట న్యాయము కాదు. మా సంఘములో కొన్ని ఏండ్ల క్రిందట జరిగినది చెప్పెదము.

ఒక విక్రయశాలవారు 60 చీరలు అడిగినారు. అన్నియు కుంకుమ రంగు, ఒకే అంచు. మేము సంతోషముతో 12 మగ్గములకు తలకు 5 చొప్పున పంచినాము. నూలు మూడు చోట్ల అద్దించినారు, ఎవరికి దగ్గర ఉన్న చోట వారు. నెల తిరుగగానే చీరలు వచ్చినవి. ఒక్కొక్కటి విప్పి చూచినచో ఏ లోపమును లేదు. అన్నియు బల్ల మీద ప్రక్కప్రక్కన పరచినప్పుడు మూడు కుంకుమలు కనబడినవి: ఒకటి పండిన మిరపకాయ, ఒకటి ఇటుక, ఒకటి వక్కపొడి. కొనువారు 25 చీరలు తీసికొని 35 తిరిగి పంపినారు.

ఆనాటి సమావేశము మరువరానిది. "నా చీరలో ఏమి తప్పో చూపు అన్నా" అని ప్రతివాడును తన చీర తెచ్చి మా ముందర విసరినాడు. ప్రతివాడు చెప్పినదియు సత్యమే. ఏ చీరలోను తప్పు లేదు. తప్పు చీరకును చీరకును నడుమ ఉన్నది. ఆ నడుమను చూచుట ఎవరి పని? కార్యదర్శి పని. మేము రంగు పేరు చెప్పినాము గాని రంగు దారము ఇవ్వలేదు. ఒక ముర నూలు నమూనాగా ముక్కలు చేసి పన్నెండు ఇండ్లకు పంపియున్నచో ఈ గొడవ లేదు. ఆ మాట సభలో ఒప్పుకొన్నాము.

ఇక నష్టము ఎవరు భరించుట? తీసికొనబడిన చీరలవారు "మాది అమ్ముడు పోయినది, మాకేమి" అన్నారు. అప్పుడు ఒక పెద్దాయన లేచి, "నీ అయిదు చీరలను వారు మొదట విప్పినారు గనుక నీ రంగు కుంకుమ అయినది, నావి మొదట విప్పియున్నచో నాదే కుంకుమ" అన్నాడు. సభ కొంత సేపు మాటాడలేదు. నష్టమును 35 చీరల మీద గాక 60 చీరల మీద పంచవలెనని తీర్మానమైనది. ఇద్దరు సభ్యులు కోపముతో లేచిపోయినారు. వారిలో ఒకరు మరుసటి ఏడు తిరిగి వచ్చినారు. రెండవవారు మగ్గము ఊడదీసి అమ్మి, మిల్లు కావలి పనికి కుదిరినారు. ఆయన మా అందరికంటె సన్నని అంచు వేయు మనిషి. ఆ అంచు ఇప్పుడు మా సంఘములో ఎవరికిని రాదు. ఆ చీరల నష్టము రెండేండ్లలో తీరినది. ఈ నష్టము ఇంతవరకు తీరలేదు.

5. ఐదు కట్లు

ఈ అనుభవముతో మేము నేర్చుకొన్నదానిని ఐదు కట్లుగా చెప్పెదము. నమోదైన సంఘము ఉన్నను లేకున్నను, ఒక వీధిలో పది మగ్గములు ఉన్నచో వీనిని ఈ వారమే మొదలుపెట్టవచ్చును.

మొదటి కట్టు – ఒకే లెక్క. అందరు ఒకే పలక మీద ఖర్చు వ్రాయవలెను. లెక్క కొరకు ఒక నూలు చీర అనుకొందము. అంకెలు మీ ఊరి ధర ప్రకారము మార్చుకొనుడు.

నూలు – రూ. 450
అద్దకము – రూ. 100
కండెలు, గంజి, పడుగు పని మజూరి – రూ. 200
మగ్గము అరుగుదల, దీపము – రూ. 50
నేత 3 దినములు, దినమునకు రూ. 500 చొప్పున – రూ. 1,500
మొత్తము – రూ. 2,300

వర్తకుడు రూ. 1,900 ఇచ్చెదనన్నాడు. నూలు, అద్దకము పోగా రూ. 1,350 చేతికి వచ్చినదని మన సోదరుడు సంతోషించును. కాని కండెలు చుట్టిన ఇల్లాలి మజూరియు, మగ్గపు అరుగుదలయు తీసివేసినచో మిగులునది రూ. 1,100. మూడు దినములకు పంచినచో దినమునకు రూ. 367కు లోపు. రూ. 500 కూలి అనుకొన్న మనిషి తెలియకయే రూ. 133 విడిచినాడు, భార్య మజూరి లెక్కలోనికే రాలేదు. పదిమంది ఈ లెక్క వేసికొన్న వీధిలో, రూ. 1,900కు ఒప్పుకొనుటకు ముందు ఎవడైనను ఒకసారి ఆలోచించును. ధర పెంచు మొదటి సాధనము పలకయే.

రెండవ కట్టు – కలసి నూలు కొనుట. పది మగ్గముల నెల అవసరము ఒక చీటి మీద వ్రాసి, సంఘము ద్వారానో, 1983లో స్థాపింపబడిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారానో నూలు తెప్పించుకొనవచ్చును. ఆ సంస్థ ద్వారా వచ్చు చిలపల నూలుకు ప్రభుత్వ సహాయము కలదు. ఒంటరిగా వెళ్లినవానికి పెద్దదిగా కనబడు కాగితముల పని, పదిమంది తరఫున ఒకరు చేసినచో ఒక పూట పని.

మూడవ కట్టు – నమూనా దారము. రంగును మాటతో చెప్పకూడదు. ప్రతి ఆర్డరుకు ఒక అట్ట మీద నూలు దారము, అంచు ముక్క, పొడుగు వెడల్పులు, అంగుళమునకు ఎన్ని పోగులో వ్రాసి, ఇంటికొకటి మగ్గము మీద కట్టవలెను. ఒక ఆర్డరుకు ఒకే అద్దకము. మా 35 చీరలు మాకు నేర్పిన పాఠ మిది. ఇంకొక లాభమును గలదు: పడుగు సగములో ఒకరికి జ్వరము వచ్చినచో పక్కవారు కూర్చుండి ముగింపగలరు.

నాలుగవ కట్టు – పేరు పుస్తకము. కొత్త అంచో, కొత్త బుటాయో వేసినవారు మొదట ఒక పుస్తకములో తమ పేరు, తేది వ్రాసి, ఒక అంగుళపు ముక్క అంటింపవలెను. ఇతరులు ఆ అంచు వేయవలెనన్నచో వారిని అడిగి, చీరకు ఇంత యని సభ నిర్ణయించినది ఇచ్చి వేయవలెను. ఇట్లు చేయనిచో ఏమగుచున్నదో మనమెరుగుదుము. మన కుర్రవాడు కష్టపడి డిజైను వేసి, సంతోషము పట్టలేక ఫోనులో పదిమంది వర్తకులకు బొమ్మ పంపును. మగ్గము మీది మొదటి చీర దిగకముందే మరమగ్గపు నకలు సంతకు వచ్చును. ఫోను మంచి పనిముట్టే. ఆర్డరు తెచ్చును, సొమ్ము ఆ క్షణమే తెచ్చును. కాని కత్తెర వంటిది, పట్టుకొను చోటు తెలియవలెను. పుస్తకములో వ్రాసిన పిమ్మటనే బొమ్మ బయటికి పోవలెను.

పేరు చీర మీదను ఉండవలెను. కో-ఆప్టెక్సువారు కొన్ని చీరలకు నేసినవారి ఫోటో, వివరములు గల చీటిని జతచేసినారు. కొన్న ఆమె ఆ చీటిని చూచి, "ఇది ఫలానావారు నేసినది" అని చెప్పుకొనును. మర ఈ ఒక్కటి నకలు చేయజాలదు.

అయిదవ కట్టు – కష్టనిధి. షావుకారును మనము ఊరక తిట్టరాదు. రాత్రి పన్నెండు గంటలకు బిడ్డకు ఊపిరాడకున్నచో ఆయన తలుపు తట్టినాము, ఆయన డబ్బు ఇచ్చినాడు. ఆ రాత్రి సంఘము తలుపు మూసియున్నది. అందుచేతనే నేతగాడు షావుకారును విడువలేకున్నాడు. తలుపు తెరచి ఉంచగల నిధి లేనిదే తక్కిన నాలుగు కట్లును సడలిపోవును. చీరకు రూ. 20 చొప్పున తీసియుంచుడు. పది మగ్గములు, మగ్గమునకు నెలకు 8 చీరలు; నెలకు రూ. 1,600, ఏడాదికి రూ. 19,200. గొప్ప మొత్తము కాదు. కాని ఒక రాత్రి ఆటో ఎక్కుటకు, ఆసుపత్రిలో మొదటి దినము కట్టుటకు చాలును. తమిళనాట సంఘపు నేతగాండ్రకు పొదుపు, భద్రతా పథకము ఒకటి కలదు. అందు సభ్యులైనవారు తమ పద్దు ఏడాదికొకసారి చూచుకొనుడు. వీధి నిధి దానికి బదులు కాదు, తోడు.

6. ఎవరెవరు కూర్చుండవలెను?

ఈ కట్లు నిలుచుటకు వారమునకొకసారి కూర్చుండుట అవసరము. అమావాస్య నాడు మన మగ్గములు ఆగుచుండెడివి. ఇప్పుడు ఆదివారము అనుకూలము. ఒక గంట చాలును. లెక్క పుస్తకము నడుమ పెట్టవలెను; ఎవరైనను తిప్పి చూడవచ్చును. మనిషికి ఒకే ఓటు.

"మనిషి" అన్నప్పుడు స్త్రీలను కూడ లెక్కించితిమా అని మమ్ము మేమే ప్రశ్నించుకొన్నాము. మా సభ్యుల పట్టీలో పేర్లు ఎక్కువగా పురుషులవి. కండె చుట్టునది ఆమె, పోగు అతుకునది ఆమె, చాల ఇండ్లలో ఇప్పుడు నేయునదియు ఆమెయే. పడుగుకు సభ్యత్వమిచ్చి పేకకు ఇవ్వనిచో బట్ట ఎట్లగును? మేము స్త్రీలను సభకు పిలిచిన తరువాతనే కండె మజూరి లెక్కలోనికి వచ్చినది. అంతకు ముందు దానిని అడిగినవారు లేరు.

కుర్రవాండ్రను గూర్చి ఒక మాట. వారు కంపెనీ పనికి పోవుచున్నారని పెద్దలు నిట్టూర్చుదురు. పోవుట తప్పు కాదు. కాని పోయినవానిని పరాయివానిగా చూడకుడు. తిరుప్పూరులోనో చెన్నపట్నములోనో ఉన్న కుర్రవానికి లెక్క తెలియును, ఇంగ్లీషు తెలియును, చీర కొను ఇండ్లు తెలియును. సేలములో 1960లో పెట్టిన చేనేత సాంకేతిక విద్యాలయములో చదివివచ్చిన పిల్లలును కొందరున్నారు. వారందరిని పేరు పుస్తకములో వ్రాసికొనుడు. మగ్గము మీద కూర్చుండువాడు మాత్రమే నేతవాడు కాడు.

7. తెలిసికొనవలసిన హద్దులు

ఇట్లు చేసినంత మాత్రమున రేపే బంగారము కురియునని మేము చెప్పము. మరమగ్గము ఉండును. నూలు ధర ఏరును బోలినది, ఎక్కుచు దిగుచు ఉండును. పదిమంది కూర్చుండిన చోట పోట్లాటయు వచ్చును. పోట్లాటకు భయపడి కూర్చుండుట మానుకొనకుడు. మాకు జరిగినట్లు ఒక మంచి నేతగానిని పోగొట్టుకొన్నచో, వెంటనే ఆయన యింటికి నడువుడు. మేము ఆలస్యము చేసినాము. "కోపము తగ్గిన తరువాత పోదము" అనుకొన్నాము. కోపము తగ్గినది, మగ్గము కూడ పోయినది.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంటిలో చివరగా దిగిన చీరకు పై ప్రకారము లెక్క వ్రాయుడు. కండె మజూరి ఎంత వేసినారు? ఎవరిని అడిగి వేసినారు?
2. మీ వీధిలో ఎన్ని మగ్గములు ఆడుచున్నవి? ఎన్ని ఆగినవి? ఆగినవాటిలో ఒక్క యింటికి ఈ నెలలో ఎవరు వెళ్లెదరు?
3. 60 చీరల నష్టమును 60 మీదను పంచుట న్యాయమా, 35 మీదనే వేయుట న్యాయమా? ఇంటిలో ఇద్దరు రెండు పక్షములు పట్టి వాదింపుడు.
4. మీ తాతగారి నాటి అంచులలో ఎన్ని పేర్లు మీకు తెలియును? వాటిలో ఈనాడు ఎవరి చేతిలో ఎన్ని ఉన్నవి?
5. రాత్రి పన్నెండు గంటలకు అవసరము వచ్చినచో మీరు తట్టు తలుపు ఎవరిది?

జవాబులు వ్రాసి మాకు పంపనక్కరలేదు. అయిదవ ప్రశ్నకు జవాబును మాత్రము పక్క యింటివారితో చెప్పుకొనుడు. ఇద్దరి జవాబును ఒకే షావుకారు పేరైనచో, మీ వీధిలో మొదటి ఆదివారపు సభకు కావలసిన విషయము దొరికినట్లే. పలక, సుద్దముక్క, ఒక ముర నూలు తీసికొని కూర్చుండుడు.